ఎర్రచుక్క బోల్టు

అత్తాకోడళ్ళ మీద సామెతలు కట్టినవాళ్ళెవరో గానీ, ఈ ఇద్దరినీ చూసి ఉండరు. చూసి ఉంటే నోరు మూసుకుని వేరే పని చూసుకునేవాళ్ళు. అత్తగారు బడి వ్యాను నడుపుతుంది. కోడలు బండి చక్రాల మధ్యలో ఉండే హబ్బులు డిజైన్ చేస్తుంది. వాళ్ళిద్దరి మధ్యా గొడవలు లేవని కాదు. ఉన్నాయి. కాకపోతే అవి ఉప్పూకారాల గురించి కాదు, బండి ఎంత మెలిక తిరగాలన్న దాని గురించి.

ఆ వ్యానులో నడవలేని పిల్లలు చక్రాల కుర్చీలతో సహా ఎక్కుతారు. వాళ్ళలో చివర ఎక్కే పాప ఇల్లు ఒక ఇరుకు సందు కొసన ఉంది. అటో గోడ, ఇటో గోడ, ఎదురుగా పాప ఇంటి గేటు. ఆ సందులోకి ఎవరైనా వెళ్తారు, బయటికి రావడంలోనే ఉంది అసలు సంగతి. జానెడు ముందుకి, జానెడు వెనక్కి, మళ్ళీ జానెడు ముందుకి. అత్తగారు స్టీరింగుని ఆ చివర నుంచి ఈ చివరకి లాగి తిప్పిన ప్రతిసారీ ఆవిడ కుడి భుజం ‘టిక్’ మంటుంది. “గంట కొట్టింది!” అని వెనక నుంచి పాప కేక పెడుతుంది. పాపకి అదో ఆట. అత్తగారికి మాత్రం ప్రాణం మీదికొస్తోంది.

ఇదే తీరున తిప్పుతూ పోతే ఆ భుజం అరిగిపోతుందని డాక్టరు చెప్పేశాడు. బడివాళ్ళు వచ్చే ఏడాది నుంచి పాపని సందు మొగలోనే దింపెయ్యమన్నారు. సందంతా ఎగుడుదిగుడు రాళ్ళు. పాప తల్లికి ఆ కుర్చీ తోసుకుంటూ రావడం అయ్యే పని కాదు.

“మొగలో దింపేసి పోవడానికి అది పిల్లా, పాల ప్యాకెట్టా?” అని అత్తగారు బడివాళ్ళ మొహం మీదే అడిగేసింది. అడిగితే అడిగింది గానీ, భుజం ఆవిడ మాట వినాలిగా.

కోడలికి సెలవైన ఒక రోజు, ఆమె పక్క సీట్లో కూర్చుని ఈ తతంగమంతా కళ్ళారా చూసింది.

“చక్రం ఇంకాస్త పక్కకి తిరిగితే ఒక్క ఊపులో బయటికొచ్చేస్తారు కదా అత్తయ్యా?”

“తిరగదమ్మాయ్! తిరిగేలా గీస్తే కదా మీరు,” అంది అత్తగారు చెమట తుడుచుకుంటూ. “గీసేది మీరు, భుజాలు పోయేది మాకు.”

ఆ మాట కోడలికి కాలి ముల్లులా గుచ్చుకుంది. ఇంటికెళ్ళాక కూడా సలుపుతూనే ఉంది.

చక్రం ఎందుకు తిరగదో ఆమెకి తెలుసు. మోటారు బలాన్ని చక్రానికి మోసుకొచ్చే కడ్డీని డ్రైవ్‌షాఫ్టు అంటారు. చక్రం పక్కకి తిరిగినా బలం ఆగకుండా అందాలంటే, ఆ కడ్డీ చివర మన మణికట్టులా వంగే జాయింటు ఒకటి ఉండాలి. పాత పద్ధతిలో ఆ జాయింటుకి పొడుగాటి తోక ఉంటుంది. అది హబ్బు బెజ్జంలో దూరి అవతలికి వస్తే, అక్కడ పెద్ద నట్టుతో బిగిస్తారు. చెడ్డ పద్ధతేం కాదు, ఇన్నాళ్ళూ లోకమంతా దాని మీదే తిరిగింది. కానీ ఆ తోకకి చోటివ్వడం కోసం హబ్బు లావెక్కుతుంది, జాయింటు చక్రానికి దూరంగా లోపలికి జరుగుతుంది. చక్రం కొంత తిరిగేసరికి ఇక వంగడం నా వల్ల కాదని జాయింటు మొరాయిస్తుంది.

కోడలు ఆ తోక కోసేసింది. జాయింటు మొహం మీదా హబ్బు మొహం మీదా పళ్ళు చెక్కింది. మనం నోరు బిగించినప్పుడు పైవరసా కిందివరసా కలిసినట్టు ఆ రెండూ ఒకదాన్నొకటి కరిచిపట్టుకుంటాయి. మధ్యలోంచి ఒకే ఒక్క బోల్టు రెండింటినీ దగ్గరికి లాగి పడుతుంది. జాయింటు వెళ్ళి చక్రం పొట్టలో కూర్చుంది. మొత్తం సరంజామా పొట్టిదైంది, తేలికైంది, పైగా మునుపటి కంటే గట్టిపడింది. చక్రం ఎంత పక్కకి తిరగాలన్నా ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్ళు లేరు.

ఆఫీసులో ఆమెని ‘పిసినారి’ అంటారు. డబ్బు దగ్గర కాదు, మిల్లీమీటర్ల దగ్గర. ఒక్కటి ఎక్కువ అడిగితే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తుంది. ఆమెకి ఎదురు నిలిచే మనిషి ఒకే ఒక్కడు, పాత పద్ధతి మీద ఈగ వాలనివ్వని సీనియరు. ఆయన్ని అందరూ ‘నట్టు బాబాయ్’ అంటారు.

“తోక ఉన్న జంతువునే నమ్మాలమ్మా,” అనేవాడాయన, ఆమె గీసిన బొమ్మ ముందు నిలబడి. “ఒక్క బోల్టు మీద సంసారం నిలబడుతుందా?”

“నిలబెట్టి చూపిస్తాను బాబాయ్.”

చూపించేందుకు రిగ్గు ఉంది. రిగ్గంటే జాయింటుని పట్టుకుని నానా హింసా పెట్టే యంత్రం. దాన్ని నడిపే ఆయన్ని రిగ్గు మాస్టారంటారు. యంత్రం ఎంత మొరటుదో మనిషి అంత మెత్తన. కోడలి హబ్బుని ఆయన వారాల తరబడి మెలిపెట్టించాడు, బురదనీళ్ళు పోయించాడు, కాల్చి చల్లార్చాడు. హబ్బు కిక్కురుమనలేదు. ఆ పరీక్షలన్నిటిలోనూ రెండు వరసల పళ్ళనీ కలిపి పట్టుకున్నది ఒకటే బోల్టు. గుర్తు కోసం మాస్టారు దాని తల మీద ఎర్ర రంగుతో ఒక చుక్క పెట్టాడు. చివరి పరీక్ష నెగ్గిన రోజున దాన్ని ఊడదీసి, తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

“ఈ బోల్టు ఉండగా మనకి తిరుగులేదు మాస్టారూ,” అంది కోడలు సంబరంగా. ఏదో నోటికొచ్చిన మాట. అని మర్చిపోయింది.

ఆ కార్ఖానా పెద్దాయన పెట్టిన నియమం ఒకటుంది. కొత్త భాగం బిగించిన మొదటి బండిని, దాన్ని గీసినవాళ్ళ ఇంటి మనిషే నడపాలి. నడపడం రాకపోతే ఎక్కి కూర్చోవాలి. “మన ఇంట్లోవాళ్ళని ఎక్కించడానికి గుండె జంకితే, ఊళ్ళోవాళ్ళకి అమ్మే హక్కు మనకి లేదు,” అంటాడాయన. నట్టు బాబాయ్ ఒకప్పుడు వాళ్ళావిడని తీసుకొస్తే ఆవిడ బండి కదలగానే నిద్రపోయిందట, ఆపాక లేపాల్సి వచ్చిందట. అంతకు మించిన సర్టిఫికెట్టు ఈనాటి వరకూ ఎవరికీ రాలేదు.

కోడలి మొగుడికి బండెక్కితే కడుపులో తిప్పుతుంది. ఆ వంక దొరికిందే చాలని అతను తప్పుకున్నాడు. అత్తగారు తప్పుకునే రకమా? చెప్పిన వేళ కంటే ముందే వచ్చి కూర్చుంది.

ఆ రోజు మీద చాలా ఆధారపడి ఉంది. కొత్త చిన్న వ్యానుకి కోడలి హబ్బా, బాబాయ్ నట్టా అన్నది ఆ రోజే తేల్చాలి. తేలిస్తే అచ్చులు పోయించడం మొదలవుతుంది, ఆ తర్వాత వెనక్కి తిరగడం ఉండదు. ఆ వ్యాను కోసం పేరు రాయించుకున్నవాళ్ళలో అత్తగారి బడి కూడా ఉంది. కోడలి హబ్బు నెగ్గితే వ్యాను పాప గేటు దాకా వెళ్ళి ఒక్క తిప్పుతో తిరిగొస్తుంది. నట్టు నెగ్గితే పాప సందు మొగలో ఎండలో కూర్చోవాలి, ఆ భుజంతో ఇక నడపలేక అత్తగారు తాళంచెవి అప్పగించాలి. ఇవన్నీ కోడలికి కంఠతా వచ్చు. అందుకే పొద్దుట కాఫీలో పంచదారకి బదులు ఉప్పు వేసుకుని, తాగేసి, ఆ సంగతి కూడా గమనించలేదు.

కార్ఖానా వెనక ఖాళీ స్థలంలో ఆమె ఖాళీ పీపాలు నిలబెట్టి అచ్చం ఆ సందులాంటి సందునే కట్టింది. కొలతలో పిసినారితనం ఎక్కడికి పోతుంది? అసలు సందు కంటే కాస్త ఇరుకుగానే కట్టింది.

అత్తగారు సీటు జరుపుకుని, అద్దం సరిచేసుకుని, “దీన్ని కుట్టినవాడు ఎప్పుడూ కూర్చున్నట్టు లేదు,” అని సీటుని తిట్టింది. పెద్దాయన పక్కన కూర్చున్నాడు. కోడలు వెనక కూర్చుంది. బాబాయ్, మాస్టారు పీపాల పక్కన నిలబడ్డారు.

వ్యాను పీపాల సందులోకి నెమ్మదిగా వెళ్ళింది. కొసన అత్తగారు స్టీరింగు తిప్పింది. అలవాటు కొద్దీ ఆగాల్సిన చోట ఆగబోయింది, కానీ చక్రం ఇంకా తిరుగుతానంది. ఇంకా తిరిగింది. వ్యాను ఉన్నచోటే బొంగరంలా మళ్ళి, వచ్చిన దారివైపు మొహం పెట్టి నిలబడింది. ఒక్క పీపాకైనా తగల్లేదు.

అత్తగారు అద్దంలో కోడలి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో ఉన్నది మెచ్చుకోలని కోడలు పోల్చుకునేలోపే, పెద్దాయన వెనక్కి పోనిమ్మన్నాడు. అత్తగారు రివర్సు వేసి కదిలించింది.

‘టిక్’.

మళ్ళీ ముందుకి కదిలించింది. మళ్ళీ ‘టిక్’.

“ఏంటది?” అన్నాడు పెద్దాయన.

“నా భుజం సార్,” అంది అత్తగారు, రెప్ప వెయ్యకుండా. “పాత రోగం. కావాలంటే డాక్టర్నడగండి, బళ్ళో పిల్లల్నడగండి. దీన్ని గంట అంటారు వాళ్ళు.” అని ఎడమచేత్తో కుడి భుజాన్ని పిసుక్కుంటూ మొహం వంకరలు తిప్పింది. వేషం బాగా కుదిరింది.

పెద్దాయన నవ్వేశాడు. “మా ఆవిడ మోకాళ్ళూ ఇంతే, మెట్లెక్కితే తాళం వేస్తాయి. సరే అయితే, అచ్చులకి కబురు పంపించేద్దాం.”

కోడలు ఆ మాట నమ్మలేదు. అత్తగారి భుజం చప్పుడు ఆమెకి తెలీదా? చెయ్యి పైకి లేచి స్టీరింగు చివరి దాకా లాగినప్పుడే అది మోగుతుంది. వేళ్ళు విరుచుకున్నట్టు మెత్తగా ఉంటుంది. ఇది ఇనుము చప్పుడు. కుడి చక్రం నుంచి, బండి దిశ మార్చిన క్షణంలోనే వచ్చింది. అద్దంలో అత్తగారి కళ్ళు కోడల్నే చూస్తున్నాయి. నోరు మెదిపావో, అంటున్నాయి ఆ కళ్ళు.

ఊరుకుంటే అయిపోయేది. అది నిజం. హబ్బు గెలిచేది, వ్యాను వచ్చేది, అత్తగారు నడిపేది. ఆ అబద్ధాన్ని పట్టుకుని వేలాడాలని కోడలి ప్రాణం ఎంత కొట్టుకుందో ఆమెకే తెలుసు. కానీ ఆ వ్యాను పాప గేటు ముందు తిరుగుతున్నట్టు తలుచుకున్నప్పుడల్లా, దాని కింద నుంచి ‘టిక్’ మని వినిపిస్తోంది.

“సార్,” అంది. ముందు సీటు మీదికి వంగింది. మళ్ళీ అంది. “సార్, అది అత్తయ్య భుజం కాదు. బండిదే.”

అత్తగారు స్టీరింగు మీద ఒక్క చరుపు చరిచింది. “నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా!”

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తలుపు తెరుచుకుని దిగిపోయాడు.

వ్యానుని లిఫ్టు మీదకి ఎక్కించారు. పైకి లేపి కుడి చక్రాన్ని అటూ ఇటూ గట్టిగా కదిపితే, టిక్. ఎడమ చక్రం దగ్గర ఏ చప్పుడూ లేదు.

“పళ్ళ మధ్య సందు పడిందన్నమాట,” అన్నాడు పెద్దాయన. “మొదటి రోజే సందు పడితే…” అని ఆపేశాడు. మిగతాది అందరికీ అర్థమైంది. కోడలు నేలవైపు చూసింది. అత్తగారు ఆమె పక్కకొచ్చి నిలబడింది గానీ, కోపం ఇంకా తగ్గలేదు.

ఇన్నాళ్ళూ ఇలాంటి రోజు కోసమే కాచుక్కూర్చున్న మనిషి నట్టు బాబాయ్. టార్చి పట్టుకుని కింద దూరాడు. హబ్బు మూత తీశాడు. టార్చి దగ్గరగా పెట్టి చూశాడు.

“ఇదేంటి, ఈ బోల్టుకి బొట్టెవరు పెట్టారు?”

కోడలు వంగి చూసింది. బోల్టు తల మీద ఎర్రచుక్క. ఆమె తలెత్తేసరికి రిగ్గు మాస్టారి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది.

“నేనేనమ్మా,” అన్నాడు మాస్టారు. “అన్ని పరీక్షలూ నెగ్గింది కదా, మొదటి బండిలో కూడా ఇదే ఉంటే మంచి జరుగుతుందని… నువ్వే అన్నావు, ఇదుండగా మనకి తిరుగులేదని.” ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ బోల్టు ఒక్కసారికే వాడాలని బొమ్మ మీద కోడలే స్వయంగా రాసింది. మాస్టారు దాన్ని చదివినవాడే, పదిమందికి చెప్పినవాడే. తెలియక చేసిన తప్పయితే తిట్టొచ్చు, మరీ ప్రేమ ఎక్కువై చేసిన తప్పుని ఏమని తిట్టడం? తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, అందులో ఆమె పిడికెడూ ఉంది. ‘తిరుగులేదు’ అన్న నోరు తనదే.

“విషయం ఏంటో నాకు కూడా చెప్పండి,” అంది అత్తగారు.

చెప్పింది నట్టు బాబాయే. “ఈ బోల్టుని బిగించడమంటే నిజానికి సాగదీయడమేనమ్మా. సాగింది గనక వెనక్కి లాగుతుంది. ఆ లాగుడే పళ్ళని కలిపి పట్టుకుంటుంది. ఒకసారి శక్తికి మించి సాగి పనిచేసిన దాన్ని విప్పి మళ్ళీ బిగిస్తే, పానా సరిగ్గానే ఉందంటుంది, పట్టు మాత్రం ఉండదు. పైకి చూస్తే రాయిలా కనిపిస్తుంది, లోపల ఓపిక అయిపోయి ఉంటుంది.” ఆయన పెద్దాయన వైపు తిరిగాడు. మొహం చేదు మందు మింగినట్టు పెట్టి అన్నాడు, “ఇందులో డిజైను తప్పు లేదు. నాకు చెప్పాలని లేదు గానీ, లేదు.”

ఓపిక అయిపోయిందన్న మాట దగ్గర అత్తగారి ఎడమచెయ్యి తనంతట తనే వెళ్ళి కుడి భుజం మీద వాలింది. ఈసారి వేషం కాదు. కోడలు అది చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

పెద్దాయన కోడల్ని అడిగాడు. “మీ అత్తగారు నీ కోసం దాచారు. నేను నమ్మేశాను కూడా. నువ్వెందుకు బయటపెట్టావు?”

“ఆ సందులోకి రోజూ వెళ్ళేది ఆవిడే కదా సార్,” అంది కోడలు. “వెనక కూర్చునేది పాప.”

పెద్దాయన మాస్టారి వైపు తిరిగాడు. “రెండు వైపులా కొత్త బోల్టులు వెయ్యండి. ఆవిడే నడపాలి. ఈసారి టిక్కంటే మాత్రం నట్టే, ముందే చెప్తున్నా.”

మాస్టారు తన చేత్తోనే కొత్త బోల్టులు బిగించాడు. పక్కన బాబాయ్ నిలబడి ఎంత బిగుస్తోందో పైకి చదివాడు. పాత బోల్టుని అరచేతిలో పెట్టుకుని మాస్టారు దిక్కులు చూస్తుంటే, అత్తగారే అంది, “దాని పని అది చేసిందన్నయ్యా. ఇక పడుకోనివ్వండి.”

మళ్ళీ పీపాల సందు. ఈసారి బాబాయ్, మాస్టారు కూడా వెనక ఎక్కి కూర్చున్నారు. అత్తగారు రివర్సు వేసింది. నిశ్శబ్దం. ముందుకి కదిలించింది. నిశ్శబ్దం. “మళ్ళీ,” అన్నాడు పెద్దాయన. “ఇంకోసారి,” అన్నాడు. వ్యాను వెనక్కీ ముందుకీ ఊగింది, ఒక్క చప్పుడూ లేదు.

“ఆఖరిసారి. చివరి దాకా తిప్పండి,” అన్నాడు పెద్దాయన.

అత్తగారు చెయ్యెత్తి స్టీరింగుని చివరి దాకా లాగింది.

‘టిక్’.

వ్యానులో అందరూ బిగుసుకుపోయారు. మాస్టారు కళ్ళు మూసేసుకున్నాడు.

“అయ్యో, ఈసారి నిజంగా నాదే!” అంది అత్తగారు.

ఎవరూ నమ్మలేదు. ఒకసారి అబద్ధమాడిన నోటికి ఆ శిక్ష తప్పదు కదా. పెద్దాయన బండి ఆపించాడు, మోటారు కట్టించాడు, “చెయ్యెత్తండి,” అన్నాడు. అత్తగారు చెయ్యెత్తింది. టిక్. “మళ్ళీ.” టిక్. నట్టు బాబాయ్ సీట్ల మధ్యలోంచి ముందుకు వంగి, బేరింగు దగ్గర పెట్టినంత శ్రద్ధగా ఆవిడ భుజం దగ్గర చెవి పెట్టి విన్నాడు.

“ఈవిడదే,” అని తీర్పు చెప్పాడు. “బండి శుభ్రంగా ఉంది.”

అందరికంటే ముందు నవ్వు మొదలుపెట్టింది అత్తగారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. వెనక కోడలు మాత్రం నవ్వలేక ఏడ్చేసింది, దాచుకోను కూడా దాచుకోలేదు.

“చక్రాన్ని బాగుచేశారు సరే,” అంది అత్తగారు భుజం రాసుకుంటూ. “దీనికి కొత్త బోల్టు ఎక్కడ దొరుకుతుంది?”

“దొరకదు అత్తయ్యా. అందుకే ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. కొత్త వ్యాను వచ్చేదాకా మీరు స్టీరింగు ముట్టుకోవడానికి వీల్లేదు. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.”

“అబ్బో, ఆజ్ఞ!” అంది అత్తగారు. కాదని మాత్రం అనలేదు.

కొత్త ఏడాది బళ్ళు తెరిచిన రోజున కొత్త వ్యాను ఆ సందులోకి వచ్చింది. కోడలు సెలవు పెట్టి మరీ పక్క సీట్లో కూర్చుంది. గేటు ముందు పాపని కుర్చీతో సహా ఎక్కించారు, పాప తల్లి గుమ్మంలోంచే చెయ్యూపింది. అత్తగారు స్టీరింగు తిప్పింది. ఎదురుగా ఉన్న గోడ మీదికొచ్చినట్టే వచ్చి, పక్కకి జరిగి, వెనకబడిపోయింది. సందు మొగ ఎదురుగా వచ్చి నిలబడింది. భుజం చప్పుడు చెయ్యలేదు, చక్రమూ చెయ్యలేదు.

“అప్పుడే అయిపోయిందా?” అంది పాప వెనక నుంచి, ఎవరో తన బొమ్మ లాక్కున్నట్టు. “గంట కొట్టలేదేం?”

“దానికి సెలవిచ్చాం తల్లీ.”

“అయితే ఇంకోసారి తిప్పు!”

అత్తగారు అద్దంలో వెనక్కి చూసింది. సందులో ఎవరూ లేరు. పక్కన కోడలు కిటికీలోంచి తల బయటపెట్టి, ముందు చక్రం వైపు చెవి వేసి కూర్చుని ఉంది.

“తిప్పుతాలే,” అంది అత్తగారు. “నీ కోసం కాదు. ఇదిగో, మా కోడలి చెవులకి ఇంకా నమ్మకం కుదర్లేదు.”